పన్నెండు కథలు, ఒక్క అరెస్టు
(ఆనందపురంలో చేసిన రావిశాస్త్రి స్మారకోపన్యాసం)



రాచకొండ విశ్వనాథశాస్త్రి గారి పేరు మీద మాట్లాడమని పిలిస్తే ఈయన షెర్లాక్ హోమ్స్ అంటాడేమిటని నిర్వాహకులు మొదట కాస్త తటపటాయించారు. వారి అనుమానం న్యాయమైనదే. రావిశాస్త్రి గారి కథల్లో డిటెక్టివ్ లేడు. భూతద్దం లేదు, వేలిముద్రలు లేవు, ఆఖరి పేజీలో విడిపోయే చిక్కుముడి అసలే లేదు. కానీ నేరమూ పోలీసులూ కోర్టూ కనిపించని చోటు ఆ కథల్లో వెతికి పట్టుకోవాలి. అందుకే రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చదవాలనిపించింది. ఒకటి 1892 అక్టోబరులో లండన్‌లో అచ్చయిన 'ది అడ్వెంచర్స్ ఆఫ్ షెర్లాక్ హోమ్స్'. రెండోది 1960ల మొదట్లో మన విశాఖపట్నం ప్లీడరు రావిశాస్త్రి గారు రాసిన 'ఆరు సారా కథలు'. ఆ పుస్తకంలో పన్నెండు కథలు, ఈ పుస్తకంలో ఆరు. ఇంగ్లీషు కథ నేరం ఎవరు చేశారని అడుగుతుంది. మన ప్రాంతపు కథ ఆ నేరం ఎవరి నెత్తిన పడిందని అడుగుతుంది. ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందన్నదే ఈ సాయంత్రం నా విషయం.

ముందు ఆ ఇంగ్లీషు పుస్తకం సంగతి. ఆర్థర్ కోనన్ డాయిల్ వైద్యుడు. ఎడింబరోలో చదువుకున్నాడు. అక్కడ జోసెఫ్ బెల్ అనే ఆచార్యుడు రోగి నోరు విప్పకముందే అతని వృత్తీ, వచ్చిన చోటూ చెప్పేవాడు. హోమ్స్‌కి ఆ విద్య అక్కణ్ణుంచే వచ్చింది. 1891లో డాయిల్ లండన్‌లో కంటి డాక్టరుగా బోర్డు కట్టాడు. రోగులు రాలేదు. ఖాళీ గదిలో కూర్చుని కథలు రాశాడు. స్ట్రాండ్ పత్రిక ఆ జూలైలో మొదటి కథ వేసింది. సీరియల్ అయితే ఒక సంచిక తప్పిపోయిన పాఠకుడు మళ్ళీ అందుకోలేడు. అదే మనుషులతో నెలకో కథ చెప్పి, అది ఆ నెలలోనే పూర్తి చేస్తే ఆ బెడద ఉండదు. డాయిల్ పట్టుకున్న కిటుకు ఇదే. ఆరు కథలయ్యాక విసుగెత్తి, నిడివితో పని లేకుండా కథకు 50 పౌండ్లయితేనే రాస్తానన్నాడు. పత్రికవాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు. పన్నెండో కథతో హోమ్స్‌ని చంపేద్దామనుకుంటే వాళ్ళమ్మ చంపనివ్వలేదు. పైగా ఆ కథకు వస్తువు కూడా ఆవిడే అందించింది.

ఇవి చాలామందికి తెలిసినవే. తక్కువమంది గమనించే సంగతి ఒకటుంది. కోర్టు వరండాలో బతుకు గడిపినవాణ్ణి కాబట్టి చదివేటప్పుడు ఏ కథలో కేసు ఎంతదాకా వెళ్ళిందా అని లెక్క చూసుకోవడం నాకు అలవాటు. ఆ పన్నెండు కథల్లో అసలు దోషి చేతికి కథ చివర బేడీలు పడేది ఒక్క కథలోనే. ఎర్రజుట్టు వాళ్ళ సంఘం పేరు చెప్పి తాకట్టు దుకాణం వాణ్ణి రోజూ నాలుగు గంటలు బయట కూర్చోబెట్టి, ఈలోగా బ్యాంకు కిందికి సొరంగం తవ్విన జాన్ క్లే ఒక్కడే దొరికాడు. వాడు కూడా తన ఒంట్లో రాజరక్తం ఉందని, ముట్టుకోవద్దని పోలీసుల మీద విసుక్కుంటాడు.

మిగతా పదకొండూ చూడండి. బొహీమియా కథలో నేరమే లేదు, హోమ్స్ ఓడిపోతాడు. సవతి తండ్రే మారువేషం వేసి కూతుర్ని ప్రేమించినట్టు నటించిన కథలో చట్టానికి చేయగలిగిందేమీ లేదు. బాస్కోంబ్ లోయలో హత్య చేసిన ముసలాయన చావుకు దగ్గరపడ్డాడని హోమ్స్ ఆయన ఒప్పుకోలు కాగితం దాచేస్తాడు. నారింజ గింజల కథలో సాయం కోరి వచ్చినవాడు చచ్చిపోతాడు, చంపినవాళ్ళు ఎక్కిన ఓడ సముద్రం పాలవుతుంది. ఇంజనీరు బొటనవేలు తెగ్గొట్టినవాళ్ళు తప్పించుకుంటారు. మచ్చల పట్టీ కథలో విలన్ తన పాము కాటుకే పోతాడు. మకుటం కథలో రాళ్ళు డబ్బిచ్చి వెనక్కి తెచ్చుకుంటారు, తీసుకెళ్ళినవాడి మీద కేసుండదు. ఇలాగే చివరిదాకా. ఇంగ్లండులో అత్యంత ప్రసిద్ధమైన నేరపరిశోధన కథల సంపుటి దాదాపు ఎక్కడా మేజిస్ట్రేటు ముందుకు వెళ్ళదు. తీర్పులన్నీ బేకర్ స్ట్రీట్ ఇంట్లో, నెగడు పక్కన వాలుకుర్చీలో జరిగిపోతాయి.

ఇందులో నన్ను బాగా పట్టుకున్నది నీలమణి కథ. 1892 జనవరి సంచికలో వచ్చింది. క్రిస్మస్ ముచ్చట కాబట్టి తేలిగ్గా నడుస్తుంది. ఒక హోటల్లో దొరసాని గారి మణి పోయింది. ఆ గదిలో పొయ్యి కడ్డీ అతకడానికి వచ్చిన జాన్ హార్నర్ అనే పనివాణ్ణి పట్టుకున్నారు. ఆ మధ్యాహ్నం అతను ఆ గదిలో ఉన్నాడు, పైగా పాత దొంగతనం కేసులో ఓసారి శిక్ష పడినవాడు. మన పోలీసు భాషలో చెప్పాలంటే కేడీ. పై కోర్టుకు పంపుతున్నామని మేజిస్ట్రేటు అనగానే స్పృహ తప్పి పడిపోయాడు. మణి తీసింది హోటలు ఉద్యోగి రైడర్. దాన్ని బాతు చేత మింగించాడు, ఆ బాతు కాస్తా చేతులు మారిపోయింది. హోమ్స్ అంతా తేల్చాడు. రైడర్ ఏడ్చి కాళ్ళమీద పడ్డాడు. పండగ రోజులని, వీణ్ణి జైలుకు పంపితే జీవితాంతం జైలుపక్షే అవుతాడని హోమ్స్ తలుపు తీసి పొమ్మన్నాడు. సాక్షి లేకుండా పోతాడు గనక హార్నర్ కేసు ఎలాగూ వీగిపోతుందని సమాధానం చెప్పుకుని భోజనం తెప్పించమన్నాడు.

కథ అక్కడితో అయిపోయింది. అప్పటికి హార్నర్ ఇంకా లాకప్పులోనే ఉన్నాడు.

ఎంత మంచి కథో అంత దారుణమైన కథ అది. తప్పు చేసి ఏడ్చినవాడి మీద జాలి పడ్డ పెద్దమనిషి, తప్పు చేయకుండా లోపల కూర్చున్నవాడికి కబురైనా పంపలేదు. డాయిల్‌కి ఆ ఊహ కూడా వచ్చినట్టు లేదు. పొయ్యి బాగుచేసే మనిషి కథకు అవసరమైనంతసేపు పేజీ మీద నిలబడి తప్పుకున్నాడు. రావిశాస్త్రి గారికి ఇదే సంగతి చెప్పి కథ రాయమంటే హోమ్స్‌ని ఎంతవరకు ఉంచేవారో తెలియదు గానీ, కథ మాత్రం హార్నర్‌తో మొదలయ్యేది. వాడి పెళ్ళాం ఎవరి దగ్గర అప్పుచేసి ప్లీడరు గుమస్తాకి ఇచ్చింది, జామీనుకి ఎవరు నిలబడ్డారు, వాయిదాకి వాయిదాకి మధ్య పిల్లలేం తిన్నారు, ఇదంతా ఉండేది.

ఇక్కడ చట్టం సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. మనం నిన్నమొన్నటిదాకా వాడిన సాక్ష్య చట్టం 1872 నాటిది. రాసిన ఆయన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్, ఇంగ్లీషు దొర. ముద్దాయి పోలీసు అధికారి దగ్గర చేసిన ఒప్పుకోలు అతని మీద సాక్ష్యంగా పనికిరాదని అందులో 25వ సెక్షను. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది, అందులోనూ 23వ సెక్షనుగా ఆ మాట నిలిచింది. అంటే రైడర్ మన దేశంలో స్టేషనులో ఏడ్చి ఒప్పుకుంటే అది చెల్లదు. హోమ్స్ ఇంట్లో ఏడ్చి ఒప్పుకుంటే, హోమ్స్ పోలీసు కాడు గనక, బలహీనమైనదే అయినా సాక్ష్యం అవుతుంది. ఈ దేశపు పోలీసుల చేతిలో ఒప్పుకోలు ఎలా పుడుతుందో ఇంగ్లీషు ప్రభుత్వానికి తెలుసు కాబట్టే ఆ సెక్షను పెట్టుకుంది. అదే కాలంలో ఇంగ్లీషు పాఠకుడు ఒప్పుకోలుతో ముగిసే కథలు ఇష్టంగా చదువుకుంటున్నాడు. ఒప్పుకోలు అనగానే అతనికి పశ్చాత్తాపం తోస్తుంది, మనకు లాఠీ తోస్తుంది. కథలు వేరుగా పుట్టడానికి ఇదొక కారణం.

అన్నట్టు ఆ మచ్చల పాము. కలకత్తాలో డాక్టరీ చేసి వెళ్ళినవాడు మన దేశం నుంచి దాన్ని తెప్పించి, పాలు పోసి పెంచి, ఈల వేసి పిలిచి, గంట తాడు మీదుగా ఎక్కించి దింపుతాడు. పాము పాలు తాగదు, ఈలకి వెనక్కి రాదు, అలాంటి పామే లేదు. డాయిల్‌ని తప్పుపట్టే అర్హత నాగులచవితికి పుట్టల్లో పాలు పోసే మనకు లేదనుకోండి.

ఇక మన వైపు వద్దాం. ఆనందపురం జంక్షనులో నిలబడితే ఒక చెయ్యి విశాఖ వైపు, రెండో చెయ్యి తగరపువలస మీదుగా విజయనగరం వైపు. అటు గురజాడ, ఇటు రావిశాస్త్రి. హోమ్స్ పుస్తకం వెలువడడానికి రెండు నెలల ముందు, 1892 ఆగస్టులో విజయనగరంలో 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడారు. 1909లో గురజాడ ఆ నాటకాన్ని పెంచి తిరగరాశారు. మనం ఎరిగిన కన్యాశుల్కం ఆ రెండోదే. సంఘసంస్కరణ నాటకమని మనకు స్కూల్లో చెప్పారు. అది నిజమే. కానీ రెండో సగమంతా ఒక క్రిమినల్ కేసు. లుబ్ధావధాన్లు పెళ్ళాన్ని చంపాడని కేసు. ఆ పెళ్ళాం చావలేదు, అసలు ఆడపిల్లే కాదు, ఆడవేషం వేసిన కుర్రాడు. లేని మనిషిని చంపిన కేసులో పోలీసులు, వకీళ్ళు, దొంగసాక్షులు, మధ్యలో రామప్పంతులు అందరూ తలో చెయ్యి వేశారు. డాయిల్ పన్నెండు కథల్లో ఇంత బాగా అల్లిన కేసు ఉందని నేననుకోను. చిక్కు ఎవరు విప్పారు? మధురవాణి. మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్ళి విప్పింది. బొహీమియా కథలో హోమ్స్‌ని ఓడించిన ఐరీన్ ఆడ్లర్ కూడా మగవేషంలోనే హోమ్స్ ఇంటిముందు గుడ్‌నైట్ చెప్పి వెళ్ళిపోతుంది. ఒకరిది చూసి ఒకరు రాశారనడం లేదు. పెద్దమనుషుల లోకంలో నిజం దగ్గరికి వెళ్ళడానికి ఆడదానికి వేషం కావలసివచ్చిందని ఇద్దరికీ తోచింది. నన్నడిగితే తెలుగులో మొదటి డిటెక్టివ్ మధురవాణే. ఈ మాటకు విమర్శకులు ఒప్పుకోకపోయినా నాకు చింత లేదు.

హోమ్స్ పిల్లలు తెలుగులోకి వేరే దారిన వచ్చారు. బెంగాలీ డిటెక్టివ్ నవలల అనువాదాలు ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలోనే వచ్చాయి. 1950ల చివరి నుంచి కొమ్మూరి సాంబశివరావు ఆ రంగాన్ని ఏలారు. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు అంటే ఈ సభలో తలలు పండినవాళ్ళ ముఖాలు వెలుగుతున్నాయి, నాకు కనిపిస్తోంది. చలం పుట్టిన కొమ్మూరి వంశం వాడే ఆయనా. ఇంకా టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్, ఆపైన మధుబాబు షాడో. అద్దెపుస్తకాల షాపులు వీళ్ళ మీదే బతికాయి. విశాఖలో 1925లో పుట్టిన ఆరుద్ర సైతం 'పలకల వెండిగ్లాసు' లాంటి అపరాధ పరిశోధన నవలలు రాశారు. ఆయనే తరవాత ప్రాచీన కవుల కాలాలు తేల్చడానికి శాసనాలు గాలించి 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' రాశారు. ఆ రెండు పనులకూ ఒకే బుర్ర కావాలి.

అయితే ఇవన్నీ నవలలే. డాయిల్ సంపుటిలా నూరేళ్ళ తరవాత కూడా జనం పేరు చెప్పుకునే డిటెక్టివ్ కథల సంపుటి తెలుగులో నిలవలేదు. అద్దెషాపు లెక్క ఇందుకు ఒక కారణం. రోజు అద్దె కట్టేవాడికి ఒక రాత్రంతా నడిచే పుస్తకం కావాలి. రెండో కారణం ఇంకా లోతైనది. ప్రైవేటు డిటెక్టివ్ దగ్గరికి వెళ్ళి ఫీజు కట్టే మనిషిని తెలుగువాడు ఊహించుకోలేడు. అందుకే మనకు డిటెక్టివ్ బాగా అతికింది హాస్యంలో. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవలను జంధ్యాల 1986లో 'చంటబ్బాయ్'గా తీశారు. విశాఖ వీధుల్లో చిరంజీవి డిటెక్టివ్ పాండురంగారావుగా తిరుగుతుంటే మనం నవ్వుకున్నాం. 2019లో మరో సినిమాలో నెల్లూరు డిటెక్టివ్ ఆత్రేయ వచ్చినా ముందు నవ్వించాకే కథలోకి దిగాడు. మన ఊళ్ళలో ఎవరు చేశారన్నది రహస్యం కానేకాదు. వీధి కుళాయి దగ్గర పొద్దున్నకల్లా తెలిసిపోతుంది. కేసు ఎవరి మీద కడతారన్నదే చివరిదాకా ఎవరికీ తెలియదు.

సరిగ్గా ఆ చోట నిలబడ్డారు రావిశాస్త్రి గారు. 1922 జూలై 30న శ్రీకాకుళంలో పుట్టారు, విశాఖపట్నంలో ప్లీడరీ చేశారు, ఎమర్జెన్సీలో జైలుకు వెళ్ళారు, 1993 నవంబరులో పోయారు. ఆయన కోర్టుకు వెళ్ళే రోజుల్లో ఈ జిల్లాల్లో మద్యనిషేధం ఉంది. మద్రాసు రాష్ట్రం అంతటా 1948 నాటికి అమలైంది, ఆంధ్ర విడిపోయినా పోలేదు. 1954 నవంబరులో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఈ నిషేధం గొడవ మీదే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ప్రభుత్వాలు పడిపోయినా సారా పారుతూనే ఉంది. కాచేవాడు, మోసేవాడు, అమ్మే ఆడమనిషి, మామూలు తీసుకునే కానిస్టేబులు, నెలకిన్ని కేసులు చూపించాల్సిన ఇన్‌స్పెక్టరు, అలవాటైన సాక్షులు, పంచనామా, జరిమానా, మళ్ళీ సారా. ఇందులో పరిశోధించడానికి ఏముంది? అంతా అందరికీ తెలుసు. కేసు కావాలి కాబట్టి మనిషి దొరుకుతాడు. లండన్‌లో నేరం జరిగాక నేరస్తుణ్ణి వెతికితే, ఇక్కడ నేరస్తుణ్ణి ముందు పిలిచి ఈసారి నీ వంతు అంటారు.

ఆ ఆరింటిలో 'మాయ' అనే కథ ఉంది. మూర్తి అనే కుర్ర ప్లీడరు, సారా కేసులో ముద్దాయి ముత్యాలమ్మ. హోమ్స్ కథల్లో తెలివైనవాడు చెబుతుంటే మామూలు మనిషి వాట్సన్ నోరు తెరుచుకుని వింటాడు. ఇక్కడ కూర్చోవలసిన కుర్చీలు తారుమారయ్యాయి. చదువుకున్న ప్లీడరు వింటాడు. చదువురాని ముద్దాయి ఈ లోకం ఎలా నడుస్తోందో, అందులో డబ్బు ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళుతుందో ఒక్కో పొరా తీసి చూపిస్తుంది. ఆమె చూసింది చూసినట్టు చెబుతుంది, దాని నుంచి ఏం తేలుతుందో కూడా చెబుతుంది. హోమ్స్ పద్ధతి అంటారే, అదే అది. తేలింది మాత్రం ఒక దొంగ పేరు కాదు, మొత్తం ఏర్పాటు. నా మటుకు నాకు తెలుగులో రాసిన నేరకథల్లో దీన్ని మించింది లేదు. ఆ కథ రాయగలిగింది ఆయన ప్లీడరు కాబట్టి మాత్రమే కాదు. కోర్టులో తన క్లయింటు మాట విన్నారు. ఎందరు ప్లీడర్లం వింటాం?

డాయిల్‌కి అన్యాయం చేయకుండా ఇంకో సంగతి చెప్పాలి. ఆయన జీవితంలో ఒక హార్నర్ నిజంగానే ఎదురయ్యాడు. క్రైస్తవం పుచ్చుకుని బొంబాయి నుంచి వెళ్ళిన పార్శీ షాపుర్జీ ఎడల్జీ ఇంగ్లండులో గ్రేట్ వైర్లీ అనే ఊళ్ళో చర్చి పాస్టరు. ఆయన కొడుకు జార్జి న్యాయవాది. ఆ ఊళ్ళో రాత్రిళ్ళు పశువుల్ని ఎవరో కోసి పారేస్తుంటే 1903లో జార్జిని పట్టుకుని ఏడేళ్ళు శిక్ష వేశారు. ఒంటి రంగే మొదటి సాక్ష్యం. మూడేళ్ళు జైల్లో ఉన్నాక కారణం చెప్పకుండా వదిలేశారు గానీ, నిర్దోషి అనలేదు, ప్లీడరీ చేసుకోనివ్వలేదు. అతను డాయిల్‌కి రాశాడు. ఇద్దరూ ఒక హోటల్లో కలిశారు. జార్జి పత్రికను ముఖానికి ఆనించుకుని, కాస్త పక్కకు తిప్పి చదువుతున్నాడు. లోపలికి వస్తూనే ఆ కంటి డాక్టరుకు సంగతి తెలిసిపోయింది. ఈ చూపుతో చీకట్లో రైలు పట్టాలు దాటి, పొలాలు దాటి వెళ్ళి పశువును కోయడం జరిగే పని కాదు. హోమ్స్ కథకు ఇంతకంటే గొప్ప మొదలు ఉండదు.

కానీ ముగింపు హోమ్స్ కథలా రాలేదు. డాయిల్ 1907 జనవరిలో డైలీ టెలిగ్రాఫ్‌లో అంతా రాశాడు. దేశం అట్టుడికింది. ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. మే నెలలో క్షమాభిక్ష ఇచ్చారు. ఆ కేసులో వచ్చిన ఆకాశరామన్న ఉత్తరాలు రాసింది మాత్రం జార్జేనని, తన మీదికి తానే తెచ్చుకున్నాడని చెప్పి నష్టపరిహారం ఒక్క పెన్నీ ఇవ్వలేదు. పోలీసు పెద్దలు తప్పు ఒప్పుకోలేదు. నిజం కనిపెట్టడం ఒకటి, దాన్ని ఒప్పించడం ఇంకొకటని డాయిల్ అప్పుడు చూశాడు. ఆ ఏడాదే ఇంగ్లండులో క్రిమినల్ అప్పీలు కోర్టు ఏర్పాటుకు చట్టం రావడానికి ఈ కేసు కూడా ఒక ప్రేరణ. హోమ్స్ మీద ఆ తరవాత ఇరవయ్యేళ్ళు కథలు రాసినా, ఎడల్జీ కథను మాత్రం కథగా రాయలేదు. రాసి ఉంటే అది రావిశాస్త్రి కథలా ఉండేది.

రావిశాస్త్రి తరవాత మన పక్క అలమండ నుంచి పతంజలి వచ్చి 'ఖాకీవనం' రాశారు. అది నవల, అక్కడ పోలీసులే పాత్రలు, పోలీసులే బాధితులు కూడా. ఆ దారి అక్కడితో పలచబడింది. నేరాలు తగ్గి కాదు. సారా పోయి దస్తావేజు వచ్చింది. ఈ ఆనందపురం చుట్టుపక్కలే చూడండి. ఆరు వరసల రోడ్డు పడింది, గంభీరంలో ఐఐఎం వచ్చింది, పూలతోటల ధర ఎకరాల్లో కాక గజాల్లో మాట్లాడుకుంటున్నాం. 2017లో విశాఖ జిల్లా భూరికార్డుల తారుమారు మీద ప్రభుత్వం సిట్ వేయవలసి వచ్చింది. పాత దస్తావేజు, కొత్త సంతకం, చనిపోయినవాడి వేలిముద్ర, తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగే డి-పట్టా రైతు. వీటిలో హోమ్స్ కథలూ ఉన్నాయి, రావిశాస్త్రి కథలూ ఉన్నాయి. రాసినవాళ్ళు మాత్రం ఇంకా రాలేదు.

కాబట్టి నేను ఈ సభను రెండు అడుగుతున్నాను. మీ అటకల మీద కొమ్మూరి, టెంపోరావు, ఆరుద్రల పాత డిటెక్టివ్ పుస్తకాలు ఉంటే చిత్తుకాగితాల వాడికి వేయకండి. నాసిరకం కాగితం మీద అచ్చయినవి, ఎన్నాళ్ళో నిలవవు. ఏదైనా గ్రంథాలయానికి ఇవ్వండి, స్కాను చేయించండి. రెండోది ఇక్కడ కూర్చున్న జూనియర్ ప్లీడర్లకు, రిటైరైన రెవెన్యూ, పోలీసు ఉద్యోగులకు. మీరు చూసినవాటిలోంచి ఆరు దస్తావేజు కథలు రాయండి. రాసేముందు నీలమణి కథా, 'మాయ' కథా ఒకే రోజున చదవండి.